చావు చీటీలో చక్కెర జబ్బు



మన గుంపులో సంతాపం రాసేటప్పుడల్లా ఒక పేచీ వస్తుంది. ఒకరు "షుగరుతో కాలం చేసినారు" అని రాస్తారు. ఇంటివాళ్లు "షుగరు కాదు, గుండెపోటు" అని దిద్దుతారు. చుట్టమొకాయన వచ్చి "కిడ్నీలు పోయినాయి కదా" అంటాడు. ముగ్గురు చెప్పిందీ నిజమే అయ్యుండొచ్చు. షుగరు ఉండే మనిషి ఆస్పత్రిలో పోతే ఆ చావుకు ఏ పేరు పెట్టాల అనేది ఈ పొద్దు పుట్టిన తగువు కాదు. నూరేండ్లకు పైగా డాక్టర్లూ, లెక్కలు రాసేవాళ్లూ తలకాయలు పట్టుకొన్న సంగతి. కాలం మారేకొద్దీ ఆ పేరూ మారుతూ వచ్చింది. అది ఎట్లా మారిందో, మన మత్తిగిరి, హోసూరు, క్రిష్ణగిరి వైపు దాని జాడ ఎట్లా ఉందో రాద్దామని కూర్చొన్నాము. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మునుపు మన పల్లెల్లో చావు లెక్క రాసింది డాక్టరు కాదు. అప్పట్లో మనది సేలం జిల్లా. ధర్మపురి జిల్లా ఏర్పడింది 1965లో, దాన్నుంచి క్రిష్ణగిరి జిల్లా విడిపోయింది 2004లో. మదరాసు రాజధానిలో పుట్టుకలు, చావులు నమోదు చేసేదానికి 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ పుస్తకం పట్టుకొన్నది గ్రామాధికారులు. అందులో ఉండే గళ్లు కొన్నే: కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, దెబ్బలు, మిగతావి. బెంగుళూరులో 1898లో ప్లేగు పుట్టినాక ఆ మాయదారి జబ్బుకూ ఒక లెక్క వచ్చింది. చక్కెర జబ్బుకు మాత్రం గడి లేదు. దప్పికతో నీళ్లు తాగి తాగి, నాలుగు నెలల్లో ఎండుకట్టె మాదిరి అయిపొయి, చివరికి ఎగశ్వాసతో పోయిన మనిషిని "జ్వరం" కిందనో, "మిగతావి" కిందనో రాసి ఉంటారు. ఇంకేం రాస్తారు, గడి లేనప్పుడు?

అందుకే "మా తాతల కాలంలో షుగరే లేదు, అంతా రాగిసంగటి మహిమ" అని మనవాళ్లు అనేటప్పుడు మేము సగమే ఒప్పుకొంటాము. మడక దున్ని, సంగటీ అనపకాయల పులుసూ తిన్న కాలంలో జబ్బు ఇప్పటికన్నా చాలా తక్కువ అనేది నిజం. లేదనేది నిజం కాదు. సుశ్రుతుడి కాలం నుంచీ వైద్యులకు మధుమేహం తెలుసు. ఉచ్చకు చీమలు పట్టడం వాళ్లు చూసినారు. లావుగా ఉండి కదలకుండా కూర్చొనేవాళ్లకు వచ్చేది ఒక రకం, పుట్టుకతోనే పీడించి మనిషిని కృశింపజేసేది ఇంకొక రకం అని కూడా విడదీసినారు. 1907లో బ్రిటిషు వైద్య సంఘం ఉష్ణదేశాల్లో మధుమేహం మీద ప్రత్యేకంగా చర్చ పెట్టింది. చదువుకొని కూర్చొని పనిచేసే ఉద్యోగస్తుల్లో ఇది ఎక్కువైపొయ్యిందని బెంగాలు డాక్టర్లు ఆ నాడే మొత్తుకొన్నారు.

ఇక ఆస్పత్రి చావుల సంగతికి వస్తాము.

1922కు ముందు ఆస్పత్రిలో షుగరు రోగి చావు అంటే ఎక్కువగా కోమానే. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర ఎంత ఉన్నా కణాలకు అందదు. ఇంట్లో గరిసె నిండా వడ్లుండి, వండేదానికి పొయ్యి లేని మాదిరి. అప్పుడు ఒళ్లు తన కొవ్వునే కాల్చుకొంటుంది. ఆ మంటలో నుంచి కీటోనులనే ఆమ్లాలు పుట్టి రక్తాన్ని పులుపెక్కిస్తాయి. ఆ పులుపును బయటికి తోసేదానికి మనిషి లోతుగా, వేగంగా ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరిని 1874లో కుస్‌మౌల్ అనే జర్మను డాక్టరు వర్ణించినాడు. ఇప్పటికీ దానికి ఆయన పేరే. నోట్లో నుంచి మాగిన పండు వాసన వస్తుంది. ఆ తరవాత స్పృహ పోతుంది.

అమెరికాలో బోస్టను ఊరిలో ఎలియట్ జోస్లిన్ అనే డాక్టరు 1898లో వైద్యం మొదలుపెట్టినాడు. ఆయన చేసిన మంచిపని ఒకటి ఉంది. తన తావకు వచ్చిన ప్రతి షుగరు రోగి పేరునూ పుస్తకంలో రాసి పెట్టుకొన్నాడు. వాళ్లు బతికినన్నాళ్లూ వదల్లేదు, పోయినాక దేనితో పోయినారో కూడా వెతికి రాసినాడు. జీవిత బీమా కంపెనీ లెక్కలవాళ్లను కూడగట్టుకొని దశాబ్దాల తరబడి ఆ చావుల పట్టీ నడిపినాడు. మొదట్లో, 1914కు ముందు, ఆయన రోగుల చావుల్లో నూటికి 60కి పైన కోమాతోనే. అప్పటికి తెలిసిన వైద్యం పస్తులే. అలెన్ అనే డాక్టరు రోగులను ఎముకల గూడు అయ్యేదాకా పస్తు పెట్టి కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో ఆయుస్సు పొడిగించేవాడు. ఆకలితో చావడమా, కోమాతో చావడమా అన్నట్లుండేది. జోస్లిన్ కూడా ఆ పస్తుల వైద్యమే చేసినాడు, వేరే గతి లేదు.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్లు క్లోమం నుంచి ఇన్సులిన్ తీసినారు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేసినాడు. లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేండ్ల పిల్లోడు టొరంటో ఆస్పత్రిలో చావుకు దగ్గరగా పడి ఉన్నాడు. బరువు 65 పౌండ్లు, అంటే 30 కిలోలు కూడా లేడు. 1922 జనవరి 11న మొదటి సూది వేసినారు, సరిగ్గా పని చెయ్యలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు వేసినారు. పిల్లోడు లేచి కూర్చొన్నాడు. ఈ కథ అందరికీ తెలిసిందే. తెలియంది ఆ తరవాతి సంగతి. ఆ లెనార్డ్ 1935లో, 26 ఏండ్లకే చనిపోయినాడు. కోమాతో కాదు, నిమోనియాతో. ఇన్సులిన్ వచ్చినాక షుగరు రోగి చావు యాడికి జరిగిందో చెప్పేదానికి ఈ ఒక్క మనిషి చాలు.

ఈడ మన మత్తిగిరి మాట ఒకటి చెప్పుకోవాల. మన పశువుల పట్టు 1824లో కుంపిణీ సైన్యానికి గుర్రాలు సాకేదానికి మొదలయింది. తరవాత ఆవులు, గొర్రెలు, పందులు, కోళ్లు వచ్చినాయి. ఆ కంచె పక్కన పెరిగిన మనకు పశువు అంటే పాలు, పేడ, సేద్యం. కానీ అరవై ఏండ్ల పాటు లోకంలోని షుగరు రోగుల ప్రాణం కబేళాల్లోని ఆవుల, పందుల క్లోమాల మీద నిలబడింది. కొంచెం ఇన్సులిన్ కోసం టన్నులకొద్దీ క్లోమాలు కావలసి వచ్చేవి. 1982లో సూక్ష్మజీవులతో మనిషి ఇన్సులిన్ తయారుచేసేదానికి అమెరికాలో అనుమతి దొరికింది. మన దగ్గర, హోసూరు రోడ్డు మీదే ఉండే బయోకాన్ కంపెనీ 2004లో తన ఇన్సులిన్‌ను బజారులోకి తెచ్చింది. బెంగుళూరుకు బస్సులో పొయ్యేటప్పుడు బొమ్మసంద్రలో ఎడంపక్క కుడిపక్క చూస్తా పోతాము కానీ, ఇది తలుచుకొనేది తక్కువ.

మళ్లీ జోస్లిన్ పట్టీకి వస్తాము. ఇన్సులిన్ వచ్చినాక కోమా చావులు దభీమని పడినాయి. 1960ల నాటికి నూటికి ఒకటి రెండుకు దిగినాయి. వాటి స్థానంలో పైకి వచ్చినవి గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలు. అన్నీ కలిపి నాలుగింట మూడు వంతుల దాకా పోయినాయి. మనిషి బతికినాడు కాబట్టే ఈ జబ్బులు కనబడినాయి. ముప్పై ఏండ్లు షుగరుతో బతికితే గదా చిన్నచిన్న రక్తనాళాలు దెబ్బతినేది. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు షుగరు రోగుల మూత్రపిండాల్లో ఒక ప్రత్యేకమైన గడ్డకట్టిన మార్పును చూపించినారు. అంతకు ముందు దాన్ని ఎవరూ షుగరు ఖాతాలో వెయ్యలేదు.

ఈ రెండిటి నడుమ ఒక పెద్ద అంకం ఉంది, మనవాళ్లు దాన్ని మరిచిపోతారు. అంటుజబ్బుల అంకం. ఇన్సులిన్ ఉన్నా, చీము పట్టిన కాలుకు, ఊపిరితిత్తుల క్షయకు, రాచపుండుకు మందు లేదు. రక్తంలో చక్కెర ఎక్కువైతే తెల్లకణాలు మందకొడిగా అయిపోతాయి. క్రిములకు అదే అదను. పెన్సిలిన్ 1940లలో వచ్చింది, క్షయకు స్ట్రెప్టోమైసిన్ అదే దశాబ్దంలో. ఆ తరవాత 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. అది బయటపడింది లెడర్లీ ప్రయోగశాలలో, డగ్గర్ చేతిలో. ఆ ప్రయోగశాల పరిశోధనలను నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ ఏడే, 53 ఏండ్లకే పోయినాడు. తెలుగువాళ్లకు ఆయన పేరు చెబితే "నోబెల్ రాలేదే" అనే బాధే ముందు వస్తుంది. కాలి పుండుతో ఆస్పత్రిలో పడిన ఎంతమంది షుగరు రోగులు అట్లాంటి మందులతో కాళ్ల మీద నడిచి ఇంటికి పోయినారో ఎవరూ లెక్క తీసిండరు.

మన దక్షిణాదిలో ఈ లెక్క మొదలయింది మదరాసులో. డాక్టరు ఎం. విశ్వనాథన్ స్టాన్లీ ఆస్పత్రిలో 1948లో షుగరుకు వేరే విభాగం నడిపినాడు. 1954లో రాయపురంలో సొంత ఆస్పత్రి పెట్టినాడు, 1971 నుంచి అది షుగరుకే అంకితం. ఉత్తర తమిళనాడు, చిత్తూరు, నెల్లూరు వైపు తెలుగువాళ్లలో రాయపురం పొయ్యొచ్చినవాళ్లు లేని ఊరు తక్కువ.

ఆ పరంపరలోని డాక్టర్లు చెన్నైలో రెండు పేటల జనాన్ని కొన్నేండ్ల పాటు గమనించి 2006లో చావుల లెక్క ప్రకటించినారు. వెయ్యిమందిని ఒక ఏడాది చూస్తే షుగరు ఉండేవాళ్లలో దగ్గరదగ్గర 19 మంది, లేనివాళ్లలో 5 మందికి కొంచెం పైగా చనిపోయినారు. షుగరు ఉండి పోయినవాళ్లలో సగానికి పైగా గుండె, రక్తనాళాల జబ్బుతో, నూటికి 23 మందికి పైగా మూత్రపిండాలతో. దీన్ని చూస్తే జోస్లిన్ కడపటి పట్టీ మాదిరే ఉంది.

కానీ ఆస్పత్రి లోపలికి పొయ్యి చూస్తే బొమ్మ మారుతుంది. శ్రీనగరులోని షేర్-ఎ-కశ్మీర్ వైద్య సంస్థ డాక్టర్లు తమ ఆస్పత్రిలో పోయిన షుగరు రోగుల కాగితాలన్నీ తిరగేసి 2009లో ఒక వ్యాసం రాసినారు. అందులో మొదటి కారణం గుండె కాదు, అంటుజబ్బులు. రెండోది మూత్రపిండాలు. ఆ తరవాతే గుండె. చెన్నై పేటలో ఒక వరస, కశ్మీరు ఆస్పత్రిలో ఇంకొక వరస.

ఇది ఎందుకట్లా? మాకు తోచింది ఇది. గుండెపోటు వచ్చినాయన చాలాసార్లు ఇంట్లోనో, దోవలోనో పోతాడు. ఆస్పత్రి లెక్కలోకి రాడు. అంటుజబ్బు మనిషికి వారం పది రోజులు గడువిస్తుంది. ఆస్పత్రి దాకా రానిస్తుంది, వచ్చినాక చంపుతుంది. కాబట్టి "ఆస్పత్రిలో దేనితో చస్తారు" అనేది ఒక ప్రశ్న, "ఊర్లో దేనితో చస్తారు" అనేది వేరే ప్రశ్న. రెండిటినీ కలిపేస్తే తప్పు జవాబే వస్తుంది. ఊరి సంగతికి ఆంధ్రలో ఒక మంచి లెక్క ఉంది. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, ఒక లక్షా 80 వేల జనంలో, ఏడాదిలో జరిగిన 1,354 చావుల గురించి ఇంటింటికీ పొయ్యి అడిగి కారణం తేల్చినారు. గుండె, రక్తనాళాల జబ్బులు నూటికి 32. అంటుజబ్బులు నూటికి 12. పచ్చని వరి పల్లెల్లో, పట్నం కాని తావులో, ఆ లెక్క చూసి డాక్టర్లే నోరు తెరిచినారు.

ఇక మన ఇండ్లలో జరిగేవాటి సంగతి. వీటిని మేము ఆస్పత్రి వరండాల్లో కూర్చొని చూసినవే ఎక్కువ, లెక్కలు తక్కువ.

మొదటిది కాలు. షుగరు ఏండ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ పోతుంది. హోసూరు చంద్రచూడేశ్వరుడి కొండకు తేరు పొద్దు మండుటెండలో చెప్పుల్లేకుండా ఎక్కి, అరికాలు బొబ్బలెక్కినా తెలియకుండా ఇంటికి వచ్చినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. నొప్పి లేదు కాబట్టి చూసుకోరు. చూసుకొనేటప్పటికి పుండు ఎముక దాకా పోతుంది. ఆ తరవాత చీము రక్తంలోకి ఎక్కుతుంది. ఆస్పత్రి చీటీలో "సెప్సిస్" అని పడుతుంది. స్పర్శ లేని కాలికి ఏం చెయ్యాల అనేది లోకానికి నేర్పించింది మన పక్క ఊరే. వేలూరు సి.ఎం.సి.లో పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1940ల చివరి నుంచి కుష్ఠు రోగుల కాళ్లు, చేతులు బాగు చేసినాడు. వాళ్ల కాళ్లు తినిపోయేది కుష్ఠు క్రిమి వల్ల కాదు, నొప్పి తెలియక తగిలించుకొనే దెబ్బల వల్ల అని ఆయన రుజువు చేసినాడు. మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు కుట్టించినాడు. 1966లో అమెరికాకు పోయినాక అదే సూత్రాన్ని షుగరు కాళ్లకు పెట్టినాడు. ఈ పొద్దు షుగరు రోగులకు అమ్మే ఆ మెత్తని చెప్పుల పుట్టిల్లు వేలూరు వైపే. మనవాళ్లు మాత్రం "కుష్ఠువాళ్ల చెప్పులు మాకెందుకు" అని దూరంగా విసిరేస్తారు. ఈ రోషం కాళ్లు తీయించుకొనేదాకా దిగదు.

రెండోది క్షయ. షుగరు ఉండేవాళ్లకు క్షయ వచ్చే అవకాశం దగ్గరదగ్గర మూడింతలు. 2012లో తమిళనాడు క్షయ కేంద్రాల్లో చూస్తే రోగుల్లో నూటికి 25 మందికి షుగరు ఉంది. క్షయకు మందు ఇస్తా షుగరు పరీక్ష చెయ్యకపోతే సగం వైద్యమే.

మూడోది గుండె. షుగరు నరాలను మొద్దుబారిస్తుంది గదా, గుండె నరాలనూ వదలదు. అందుకే గుండెపోటు వచ్చినా రొమ్ములో నొప్పి రాకపోవచ్చు. చెమటలు, ఆయాసం, వాంతి, ఒకటే నీరసం. ఇంటివాళ్లు "గ్యాసు" అని సోడా తాపిస్తారు. సిప్కాటులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఇట్లా పడుకొని మళ్లీ లేవని నలభై యాభై ఏండ్ల మగవాళ్ల సంగతులు మన గుంపులో ఒకటి కాదు. 1970ల తరవాత హోసూరుకు ఫ్యాక్టరీలు వచ్చినాయి, కూలి పెరిగింది, సంగటి పోయి మూడు పూటలా బియ్యం వచ్చింది, నిద్ర పోయింది. దీంట్లో ఏది ఎంత పని చేసిందో తూకం వేసి చెప్పలేము. అన్నీ కలిసి వచ్చినాయి.

నాలుగోది మేము అందరికన్నా గట్టిగా చెప్పదలచింది. మూత్రపిండాలు చెడిపొయ్యేటప్పుడు చాలామందికి షుగరు తగ్గుతుంది. పదేండ్లుగా 250 చూపించినాయనకు ఉన్నట్లుండి 110, 90 వస్తుంది. ఇంట్లో పండగ. "అమ్మోరి దయ, షుగరు మాయమయింది, ఆకు పసరు పని చేసింది" అంటారు. అసలు సంగతి ఏమంటే, ఒంట్లోని ఇన్సులిన్‌ను, కొన్ని మాత్రలను బయటికి పంపించే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి మూలపడితే మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. ముఖ్యంగా గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర. పాత మోతాదే మింగుతా, రాత్రి అన్నం సరిగ్గా తినకపోతే తెల్లారుజామున షుగరు 40కి, 30కి పడిపోతుంది. ముసలివాళ్లు నిద్రలోనే స్పృహ తప్పుతారు. ఆస్పత్రికి తెస్తే "షుగరు డౌను" అని రాస్తారు. నిజానికి అది మూత్రపిండాల చావు. మాత్రలు అట్లే ఉండి షుగరు తనంతట తగ్గిందంటే సంబరపడేదానికి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాల. ఆ పరీక్ష ప్రతి చిన్న ల్యాబులోనూ ఉంది.

మూత్రపిండాలు పూర్తిగా పోయినాక ఏమి అనేదానికీ దోవలు దగ్గరలోనే పుట్టినాయి. మన దేశంలో మూత్రపిండం మార్పిడి విజయవంతంగా చేసింది 1971లో, వేలూరు సి.ఎం.సి.లోనే. 2016లో కేంద్రం జిల్లా ఆస్పత్రుల్లో బీదవాళ్లకు ఉచిత డయాలిసిస్ పథకం పెట్టింది. అయినా వారానికి రెండు మూడు సార్లు బస్సు ఎక్కి పొయ్యి నాలుగు గంటలు మంచం మీద పడుకొని రావాలంటే, పనికి పొయ్యే కొడుకు తోడు రావాలంటే, ఎన్ని నెలలు చెయ్యగలరు? మానేసిన కొద్ది రోజులకే ఒళ్లు నీరు పట్టి పోతారు. అప్పుడు చీటీలో రాసేది "గుండె ఆగిపోవడం".

కోమా చావులు పూర్తిగా పోలేదని కూడా చెప్పాల. నాటువైద్యుడి మాట విని ఇన్సులిన్ మానేసిన పిల్లలు, జ్వరమొచ్చి అన్నం తినలేదని సూది వెయ్యని పెద్దలు ఇప్పటికీ ఆ ఎగశ్వాసతోనే ఆస్పత్రికి వస్తారు. లోకం 1922లో దాటిన వాగును మనం ఇంకా ఈదుతానే ఉన్నాము.

2021 మన అందరికీ గుర్తుంది. కరోనా రెండో అలలో షుగరు ఉండేవాళ్లు ముందు రాలిపోయినారు. ఊపిరి నిలబెట్టేదానికి ఇచ్చిన స్టెరాయిడ్లు షుగరును ఆకాశానికి ఎక్కించినాయి. కొందరు కరోనా నుంచి బయటపడి ఇంటికి వచ్చినాక ముక్కు, కన్ను, దవడ నల్లబడి బ్లాక్ ఫంగస్‌తో పోయినారు. అది కొత్త జబ్బు కాదు, షుగరు అదుపు తప్పిన ఒంటికి ముందు నుంచీ పట్టే బూజే. ఆ మే నెలలో ఆంధ్రలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చినారు.

ఆ ఏడే ఆగస్టు 5న మన క్రిష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ "మక్కళై తేడి మరుత్తువం" మొదలుపెట్టినారు. ప్రజల తావకే వైద్యం అని అర్థం. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు, మంచాన పడినవాళ్లను ఇంటికే వచ్చి చూస్తారు, కడుపు ద్వారా డయాలిసిస్ చేసుకొనేవాళ్లకు సంచులు ఇస్తారు. 2024లో ఐక్యరాజ్య సమితి నుంచి దానికి పురస్కారం వచ్చింది. రాజధాని పట్నాన్ని వదిలి మన తెలుగు పేరున్న పల్లెను ఎంచుకొన్నారని మాకు కొంచెం గర్వమే. మాత్రలు ఇచ్చే ఆయమ్మ వచ్చినప్పుడు "మేము ప్రైవేటులో చూపించుకొంటాము" అని తలుపేసే ఇండ్లు మనలో ఉన్నాయి, అది మాత్రం గర్వపడేది కాదు. 2022 జనవరి నుంచి క్రిష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. అయినా కాలు నల్లబడినాక నేరుగా బెంగుళూరుకే పరుగు తీస్తాము, అత్తిబెలె దాటేటప్పటికి జామయిన బండ్లలో గంట పోతుంది.

ఇప్పుడు చీటీ సంగతి. 1969 నాటి చట్టం కింద ఆస్పత్రిలో పోయినవాళ్లకు డాక్టరు నాలుగో నంబరు ఫారం రాస్తాడు. అందులో రెండు భాగాలు. మొదటి దాంట్లో పైనుంచి కిందికి: ప్రాణం తీసిన కారణం, దానికి కారణం, దానికీ మూలకారణం. రెండో దాంట్లో చావుకు తోడుపడిన ఇతర జబ్బులు. ఒక ఉదాహరణ చెప్తాము. సెప్సిస్, దానికి కారణం కాలి పుండు, దానికి మూలం షుగరు. సరిగ్గా రాస్తే ఈ మూడూ వరసగా ఉంటాయి. హడావిడిలో మొదటి గీత మీద "గుండె, ఊపిరి ఆగిపోవడం" అని రాసి వదిలేస్తే షుగరు యాడా కనబడదు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు పోతారు? అది కారణం కాదు, చావు అనే మాటకే ఇంకొక పేరు. దేశంలో 2020లో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసినవి నూటికి 22 మాత్రమే. ఆ కొన్నింట్లోనూ షుగరు ఇట్లా జారిపోతే, నూటపాతికేండ్ల కిందటి గ్రామాధికారి "మిగతావి" గడికీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి. 2023 లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉండేవాళ్లు 10 కోట్లు దాటినారు.

మనకు ఇంకొక చిక్కు ఉంది, ఆంధ్రలో ఉండేవాళ్లకు లేనిది. హోసూరు ఆస్పత్రిలో తమిళంలో "నీరిళివు" అంటారు. బెంగుళూరులో కన్నడంలో "సక్కరె కాయిలె" అంటారు. కాగితం మీద ఇంగ్లీషు. ఇంట్లో అవ్వకు తెలిసింది "చక్కెర జబ్బు". డిశ్చార్జి కాగితాన్ని నాలుగు భాషల నడుమ ఎవరూ పూర్తిగా చదవరు. దినం అయిపోతానే పరుపుతో పాటు ఆ కాగితాలూ కాల్చేస్తారు. పదేండ్లకు కొడుకును డాక్టరు "మీ నాయన దేనితో పోయినాడు?" అని అడిగితే "అనారోగ్యం" అంటాడు. ఆ కొడుకుకూ అప్పటికి నలభై ఐదు. ఆ జవాబును బట్టే డాక్టరు ముందుగా చూడాల్సింది గుండెనా, మూత్రపిండాలనా అని ఆలోచిస్తాడు.

పంచాయతీలోనో, మునిసిపాలిటీలోనో ఇచ్చే మరణ ధృవీకరణ పత్రంలో చావుకు కారణం ఉండదు. పేరు, తేది, ఊరు అంతే. కారణం ఉండేది నాలుగో నంబరు ఫారంలో. 2023లో చట్టాన్ని సవరించినారు, అది ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆస్పత్రి ఆ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపించడమే కాదు, ఒక నకలు దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాల. అడిగితే "అట్లాంటిది లేదు" అనే కౌంటర్లు ఉంటాయి. ఉందని చెప్పండి. ఇంటికి తెచ్చినాక ఇంగ్లీషు రాకపోతే ఫోటో తీసి మన గుంపులో పెట్టొద్దు, అది ఇంటి గుట్టు. సంఘంలో చదువుకొన్న పిల్లలు, నర్సుగా పనిచేసే అక్కలు ఉన్నారు. వాళ్ల తావకు తీసుకొనిపొయ్యి తెలుగులో చెప్పించుకొని, ఆ నకలును పట్టా కాగితాలు పెట్టే పెట్టెలో పెట్టండి.